ముల్లు దించాకే కలం

లోకంలో అబద్ధాలు రాసేవాళ్ళకు కొదవేం లేదు. కానీ అది అబద్ధమని తెలియకుండానే ముప్పై ఏళ్ళపాటు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పైగా శభాష్ అనిపించుకున్నవాడు మాత్రం ముల్లు మేస్త్రి ఒక్కడే.

అతను బట్టలకు రంగులు వేసే మిల్లులో బాయిలర్ మేస్త్రి. రంగు తొట్లకు ఆవిరి పంపే ఆ ఇనుప ఏనుగు పక్కనే అతని జీవితమంతా గడిచింది. ఆవిరి ఒత్తిడి చూపించే మీటరు ముల్లు మీదే ఎప్పుడూ కళ్ళుంటాయి కాబట్టి మిల్లువాళ్ళు ఆ పేరు పెట్టారు. అన్నం తింటున్నా, ఎవరితో మాట్లాడుతున్నా ఒక కన్ను అటే. వయసులో ఉన్నప్పుడు ఒకమ్మాయి నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే మీటరు వైపు చూస్తూ "పది నిమిషాలాగు" అన్నాడట. ఆ పది నిమిషాలు ఇంకా అవలేదని వాళ్ళక్క ఏడిపిస్తూ ఉంటుంది.

ముల్లు ఎక్కడుందో గంటగంటకూ పుస్తకంలో రాయాలి. మీటరు మీద ఒక ఎర్రగీత ఉంటుంది. ముల్లు ఆ గీత దాటితే ప్రమాదం. పని నేర్పిన పాత మేస్త్రి మొదటిరోజే ఇతని చెవిలో ఊదాడు. "ముందు ముల్లు దించు, తర్వాతే కలం ఎత్తు." అంటే, ముల్లు గీత దాటినప్పుడు పుస్తకం జోలికి పోకూడదు. మంట తగ్గించి, కాస్త ఆవిరి వదిలి, ముల్లు వెనక్కి వచ్చాక చూసి ఆ అంకె వేయాలి. గీత పైన అంకె పడిందా, సంజాయిషీలు, విచారణలు, నానా గొడవ. రాసే క్షణంలో ముల్లు ఎక్కడుందో అదే రాస్తున్నాం కదా, ఇందులో అబద్ధమేముంది? పాత మేస్త్రి అలాగే అనుకుని పోయాడు, ముల్లు మేస్త్రి అలాగే అనుకుని బతికాడు. ఏడాదికోసారి తనిఖీ అధికారి వచ్చేవాడు. ఆ రోజు పొద్దుటినుంచే మంట మందంగా పెట్టేవాళ్ళు. ఆయన బాయిలర్ని పైపైన చూసి, పుస్తకాన్ని మాత్రం పేజీ పేజీ తిప్పి, ఇంత శుభ్రంగా రాసేవాళ్ళు ఇంకెక్కడా లేరని మెచ్చుకుని వెళ్ళేవాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ వాళ్ళక్కా. అతనికి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే పదహారేళ్ళ అక్కే తల్లయింది. చొక్కాలు కుట్టే దుకాణంలో కాజాలు కుట్టడం ఆమె పని. మిషన్లు వచ్చాక కూడా ఖరీదైన చొక్కాలకు ఆమె చేతి కాజాలే కావాలనేవాళ్ళు ఉన్నారు. అరవై దాటినా కళ్ళజోడు దగ్గరి చూపుకే, సూదిలోకి దారం మొదటిసారికే. నోరు మాత్రం ఊరుకోదు. తమ్ముడు మిల్లు నుంచి రాగానే, "ఏరా, మీ ఆవిడ ఎలా ఉంది, బుసలు కొట్టిందా ఇవాళ?" అని బాయిలర్ క్షేమసమాచారం అడిగేది.

ఆ ఏడు చలి మొదలయ్యేముందు ఆమెకు దవడపన్ను సలిపింది. వీధి చివర పళ్ళ డాక్టరు పీకేశాడు. నాలుగు రోజులు బుగ్గ పట్టుకుని తిరిగి ఆ సంగతే మర్చిపోయింది. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుని, "ఒరేయ్, ఒళ్ళు కాలిపోతోందిరా" అంది. ఆమె అలా అనడం అతను ఎప్పుడూ వినలేదు.

వీధి డాక్టరు అయిదు రోజులకు మందులిచ్చాడు. తగ్గింది. మందులైపోయిన వారానికి మళ్ళీ వచ్చింది. పొద్దున మామూలుగానే ఉండేది, సాయంత్రమయ్యేసరికి వణుకు, ఆ తర్వాత కాక, ఆ తర్వాత దుప్పటి తడిసేంత చెమట.

"ఊరికే జ్వరం జ్వరం అంటే నాకు అర్థం కాదు" అన్నాడు డాక్టరు ఈసారి. "ఎప్పుడొస్తోంది, ఎంత వస్తోంది, ఎలా దిగుతోంది, అది తెలిస్తే ఎవరి దగ్గరికి పంపాలో తెలుస్తుంది. నాలుగు గంటలకోసారి చూసి పుస్తకంలో రాసి తీసుకురండి."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ముల్లు మేస్త్రికి ప్రాణం లేచివచ్చింది. మందుల గురించి తనకేం తెలుసు? కానీ వేడిని చూడటం, పుస్తకం రాయడం, ఈ రెండింటిలో తనను మించినవాడు ఎవడు? మిల్లు నుంచి గళ్ళ పుస్తకం కొత్తది ఒకటి తెచ్చాడు. తేదీ, వేళ, జ్వరం అని గళ్ళు కట్టాడు. వంద దగ్గర స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీశాడు.

మొదటి సాయంత్రం థర్మామీటరు నూట మూడు చూపించింది. మేస్త్రి పుస్తకం ముట్టుకోలేదు. ముందు జ్వరం మాత్ర వేశాడు. చన్నీళ్ళలో గుడ్డ తడిపి నుదుటి మీదా, మెడ మీదా, అరికాళ్ళకూ వేశాడు. కిటికీ తెరిచాడు. గంటన్నర పోయాక మళ్ళీ చూశాడు. తొంభై తొమ్మిదిన్నర. అప్పుడు కలం తీసి, ఆరు గంటల గడిలో ఆ అంకె వేశాడు.

"ఎంత రాశావురా?" అంది అక్క కళ్ళు మూసుకునే.

"తొంభై తొమ్మిదిన్నర."

"నా ఒళ్ళు కూడా నీ మాటే వింటోందిరా. మీ ఆవిడ కంటే నేనే నయం."

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను మోసం చేయాలని చేసింది కాదు. ఆ మాటకొస్తే, ఆ గంటన్నరలో అతను చేసిన సేవ ఏ నర్సూ చేసి ఉండదు. మండుతున్నప్పుడు దించాలి, దిగాక రాయాలి. మంచి మేస్త్రి పని అంతే. పొంగినదంతా పుస్తకంలోకి ఎక్కించేవాడు పనివాడేనా?

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున గంట ముందే మాత్ర వేసేవాడు. తనిఖీ రోజున బాయిలర్ బుసలు కొడుతుంటే ఎంత అప్రదిష్ట! అక్క కూడా ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, నలుగురిలో కూర్చోగలిగేలా తయారయ్యేది. అక్కడ నర్సు థర్మామీటరు పెడితే తొంభై తొమ్మిది. పుస్తకమూ అదే చెబుతోంది, ఒళ్ళూ అదే చెబుతోంది. ఇంక అనుమానమెందుకు?

"చిన్న జ్వరమే" అన్నాడు వీధి డాక్టరు పేజీలు తిప్పుతూ. "ఎప్పుడూ వంద దాటలేదు. కీళ్ళ నొప్పులంటున్నారు కాబట్టి ఒకసారి కీళ్ళ డాక్టరుకు చూపించండి."

కీళ్ళ డాక్టరు గది ముందు మూడు వారాలు వరసలో పేరు రాయించుకుని ఎదురుచూశారు. ఆయన మోకాళ్ళు వంచి చూసి, పుస్తకం చూసి, వయసు మీద పడుతోందన్నాడు, నొప్పికి మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే జ్వరం ఇంకా బాగా దిగేది. పుస్తకం ఇంకా శుభ్రమైంది. తర్వాత ఊపిరితిత్తుల డాక్టరు. ఛాతీ ఫోటో తీయించి, కఫం పరీక్ష చేయించి, ఏమీ లేదన్నాడు. "ఇంత సన్నగా, ఇంత నిలకడగా ఉండే జ్వరానికి కంగారు పడక్కర్లేదు. నెల పోయాక రండి" అన్నాడు. అందరూ పుస్తకాన్ని మెచ్చుకున్నారు. ఒక డాక్టరైతే తన విద్యార్థులకు చూపించి, రోగి తరఫువాళ్ళు ఇలా ఉండాలన్నాడు. మేస్త్రి ఆ సాయంత్రమంతా ఆ మాటే తలుచుకున్నాడు. ఆ సాయంత్రం నూట మూడున్నర. రాసింది తొంభై తొమ్మిది.

అక్క మాత్రం తరిగిపోతోంది. జాకెట్టు భుజాలు జారుతున్నాయి. మెట్లు రెండు ఎక్కితే మూడోదాని మీద కూర్చునేది. కాజాలు వంకర పోతున్నాయని దుకాణం యజమానురాలు మర్యాదగా నాలుగు రోజులు సెలవు తీసుకోమంది. వేళ్ళ గోళ్ళ కింద చీలికల్లా సన్నటి ఎర్రగీతలు వచ్చాయి. అక్క వాటిని దీపం దగ్గర చూసుకుని, "సూది గుచ్చుకున్నట్టుందిరా, చేతికి పట్టు తప్పుతోంది" అని సిగ్గుపడింది. నలభై ఏళ్ళుగా సూది పట్టిన మనిషికి గోళ్ళ కింద నెత్తురు కనిపిస్తే ఇంకేం తోస్తుంది? కాజాలు మానేసి రెండు వారాలైనా ఆ గీతలు కొత్తవి వస్తూనే ఉన్నాయని మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

చివరికి దారి చూపింది చొక్కాల దుకాణంలో ఇస్త్రీ చేసే ఆవిడ. పెద్దాసుపత్రిలో జ్వరాలకే ప్రత్యేకంగా ఒక డాక్టరమ్మ ఉందని చెప్పింది.

"జ్వరానికి వేరే డాక్టరా?" అంది అక్క. "రేపు ఆవలింతలకు కూడా ఒకడు పుట్టుకొస్తాడు."

అయినా వెళ్ళారు. అప్పటికి జ్వరం మొదలై రెండున్నర నెలలు.

డాక్టరమ్మ చిన్న మనిషి. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, చేతులు కడుక్కునే తొట్టి. పుస్తకం అందుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూసింది. మేస్త్రి మెప్పు కోసం కాచుకుని కూర్చున్నాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేనండీ."

"ఇలాంటి జ్వరం నేనెప్పుడూ చూడలేదు. మనిషి జ్వరం లేస్తుంది, పడుతుంది. ఇది రోజూ ఒకే గీత మీద నడుస్తోంది. ఎలా రాస్తారో కాస్త చెబుతారా?"

మేస్త్రి చెప్పాడు. సంతోషంగానే చెప్పాడు. ముందు మాత్ర, తర్వాత తడిగుడ్డ, గంటన్నర ఆగడం, దిగాక చూడటం, అప్పుడు రాయడం. ఒక్కరోజు కూడా తప్పలేదన్నాడు. ఆస్పత్రికి వచ్చేముందు కూడా మాత్ర వేసే తీసుకొచ్చానన్నాడు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మాత్ర వేయకముందు ఎంత ఉండేది?"

"ఒక్కోసారి నూట మూడు. నాలుగు కూడా అయ్యేది. కానీ దించేసేవాణ్ణండీ."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రి తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆవిడ కుర్చీ అక్క దగ్గరికి జరుపుకుని, చేతులు తీసుకుని గోళ్ళు చూసింది.

"సూది గుచ్చుకుందమ్మా" అంది అక్క.

"సూది గుచ్చుకుంటే వేలి కొసన కదా, ఇన్ని గోళ్ళ కిందనా?" అని మెల్లగా అడిగింది డాక్టరమ్మ. "చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా ఎప్పుడైనా?"

అక్క ఆలోచించింది. "పదేళ్ళప్పుడు. రెండు నెలలు బడి మానేశాను."

"ఈ మధ్య పన్ను పీకించుకున్నారా?"

మేస్త్రి, అక్క ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతమంది డాక్టర్లలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చెప్పాలని వీళ్ళకు తోచనూ లేదు. పంటికీ జ్వరానికీ ఏం సంబంధం?

డాక్టరమ్మ అక్క గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత విడమరిచి చెప్పింది. చిన్నప్పటి ఆ కీళ్ళ జ్వరం గుండెలో ఒక కవాటాన్ని గరుకు చేసి పోయింది. పన్ను పీకినప్పుడు నోట్లో క్రిములు నెత్తురులోకి దిగి, ఆ గరుకు చోట గూడు కట్టుకున్నాయి. అక్కణ్ణుంచే రోజూ సాయంత్రం జ్వరం లేస్తోంది. అక్కణ్ణుంచే ముక్కలు విరిగి గోళ్ళ దాకా వస్తున్నాయి.

కవాటం అంటే ఏమిటో మేస్త్రికి ఎవరూ చెప్పక్కర్లేదు. బాయిలర్‌కు ఉన్నవి నాలుగు. తుప్పు పడితే ఏమవుతుందో అతనికి తెలుసు.

"నయమవుతుందా అమ్మా?"

"మొదట్లో వస్తే నరంలోకి మందు ఎక్కించి ఆరు వారాల్లో పంపేసేవాళ్ళం" అని, ఆవిడ పుస్తకం వైపు చూడకుండా జాగ్రత్తపడింది. "నూట నాలుగు అని ఒక్కసారి ఈ పుస్తకంలో కనిపించినా ఎవరో ఒకరు ఆ రోజే నా దగ్గరికి పంపేవారు. ఇప్పుడు గుండె డాక్టరు చూసి చెప్పాలి."

గుండె డాక్టరు చూశాడు. తెర మీద ఆ కవాటం చిరిగిన జెండాలా కొట్టుకుంటోంది. మార్చాలంటే కోయాలి. కోతకు ఆ గుండె, ఆ ఒళ్ళు తట్టుకోవు. మందు ఎక్కిద్దాం, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అన్న మాటలో చూడ్డానికి ఏమీ మిగల్లేదని మేస్త్రికి అర్థమైంది.

మంచం పక్కన కూర్చుని ఆ రోజే చెప్పేశాడు. "అక్కా, ఇదంతా నేనే చేశాను. ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే నువ్వు ఈపాటికి కాజాలు కుట్టుకుంటూ ఉండేదానివి."

అందరు అక్కల్లాగా 'నీ తప్పేం లేదులే' అంటుందని అతను ఆశపడ్డాడు. ఆమె అలా అనలేదు.

"రాయాల్సిందిరా" అంది. అంతలోనే అతని మొహం చూసి చెయ్యి పట్టుకుంది. "నేను మాత్రం? నా గోళ్ళు నేను చూసుకోలేదూ? ఒక్కటి చెప్పనా, నువ్వు తొంభై తొమ్మిది అనగానే ఒళ్ళు నిజంగానే తేలికపడేది. ఆ మాట కోసమే సాయంత్రాలు ఎదురుచూసేదాన్ని."

అతను ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, ఆరేళ్ళవాడిలా ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికైనా చేతుల్లో ఆకులుంటాయి. ఇతనికి అవీ లేవు.

రెండు రోజుల తర్వాత మిల్లుకు వెళ్ళాడు. పొద్దున పదకొండింటికి ముల్లు ఎర్రగీత దాటి రెండు గళ్ళు పైకి పోయింది. పక్కనున్న పనివాడు మంట తగ్గించడానికి పరుగెత్తాడు. మేస్త్రి ఆ గడబిడలోనే పుస్తకం తెరిచి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ముల్లు ఎక్కడుందో అక్కడున్న అంకె వేశాడు. వేశాకే మంట దగ్గరికి వెళ్ళాడు. సాయంత్రం మేనేజరు పిలిపించాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? ఇంత సర్వీసుండి ఇలా రాస్తారా? ముందు ముల్లు దించాలని మీకు నేను చెప్పాలా?"

"తెలుసండీ" అన్నాడు మేస్త్రి.

మేనేజరు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. మేస్త్రి సెలవు చీటీ బల్ల మీద పెట్టి ఆస్పత్రికి బయల్దేరాడు.

వారం తిరక్కముందే, గుండెలో గూటి నుంచి మరో ముక్క విరిగింది. ఈసారి అది గోళ్ళ వైపు కాకుండా తలకెక్కింది. పొద్దున లేచేసరికి అక్క కుడిచెయ్యి చచ్చుబడింది. సూది పట్టే చెయ్యి. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. డాక్టరమ్మ వచ్చి చూసి, మేస్త్రి భుజం మీద ఒక నిమిషం చెయ్యి ఉంచి వెళ్ళింది. గుండె డాక్టరు తలుపు దగ్గరి నుంచే నర్సుతో మాట్లాడి వెళ్ళిపోయాడు.

మంచం కాళ్ళ దగ్గర కొక్కేనికి అట్ట ఒకటి వేలాడుతోంది. దాని మీద గళ్ళ కాగితం. నర్సులు రాసేదే అయినా, ఆ గదిలో సాయంత్రం అంకె మేస్త్రే రాస్తానని అడిగి తీసుకున్నాడు. డాక్టరమ్మ కాదనలేదు. "ముందు రాయండి. తర్వాతే గుడ్డ" అంది.

కిటికీలో ఇంకా వెలుగుంది. అవతల ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోతున్నారు. అక్కకు వణుకు వచ్చి తగ్గింది. మేస్త్రి థర్మామీటరు చంకలో పెట్టి, అయిదు నిమిషాలు గడియారం చూసి, తీసి వెలుగుకు పట్టుకున్నాడు. నూట నాలుగు పైన రెండు చిన్న గీతలు, గీతకు రెండు పాయింట్లు.

కలం తీశాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. నూట నాలుగు పాయింటు నాలుగు అని, మిల్లులో రాసినంత అందంగానే రాశాడు.

"ఎంత... రా?"

అక్క కళ్ళు తెరిచి అతన్నే చూస్తోంది. ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలి, అతని చొక్కా అంచు వెతుక్కుని పట్టుకుంది. ఆ మాట కోసమే కాచుకుని ఉందని అతనికి తెలుసు.

"తొంభై తొమ్మిదక్కా."

"రా...శావా?"

"రాశాను."

ఆమె మొహంలో కదలగలిగిన సగం కాస్త సర్దుకుంది. "అయితే... ఇంటికి పోదాం... రేపు."

"పోదాం" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకున్నాక, చొక్కా అంచు ఆ వేళ్ళ నుంచి విడిపించకుండానే చెయ్యి చాచి, అట్టను కొక్కేనికి తగిలించాడు. రాసిన వైపు ఆమెకు కనపడకుండా గోడకు తిప్పి తగిలించాడు. తర్వాత గుడ్డ తడిపాడు.